మూసను తిట్టడం కాదు, లెక్క అడగడం నేర్పాలి

డిగ్రీ కళాశాలల్లో సమాజ శాస్త్రం ఎందుకు, ఆ తరగతిలో అధ్యాపకులు చేయవలసిన పని ఏమిటి అన్న ప్రశ్న ప్రవేశాల కాలంలో ఒకసారి, ఏదో ఒక విశ్వవిద్యాలయంలో కులం పేరిటనో ప్రాంతం పేరిటనో ఆడపిల్లల దుస్తుల పేరిటనో గొడవ జరిగినప్పుడు మరొకసారి తప్పక ముందుకు వస్తుంది. సమాజంలో పాతుకుపోయిన మూస అభిప్రాయాలను ప్రశ్నించే అలవాటు నేర్పడమే ఆ శాస్త్రం మొదటి కర్తవ్యమని కొందరంటారు. ఆ పేరు చెప్పి అధ్యాపకులు తమ రాజకీయాలను పిల్లల నెత్తిన రుద్దుతున్నారని మరికొందరంటారు. ఇరుపక్షాలూ ఒక తేడాను చూడకుండా దాటిపోతున్నాయి. ఫలానా అభిప్రాయం తప్పని విద్యార్థి చేత అనిపించడం వేరు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత మేరకు నిజమో, నిజమైన మేరకైనా దానికి కారణమేమిటో విద్యార్థే తేల్చుకునేలా చేయడం వేరు. మొదటిది నీతిబోధ, రెండోది శాస్త్రం. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ఎక్కువగా కనిపించేది మొదటిదే, అదీ పది మార్కుల జవాబు రూపంలో.

ఒక సమూహానికి చెందిన మనుషులందరికీ ఒకే స్వభావాన్ని అంటగట్టే స్థిరమైన ఊహను సమాజ శాస్త్రంలో మూస అభిప్రాయం అంటారు. అమెరికా పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ప్రజాభిప్రాయంపై రాసిన గ్రంథంతో ఈ భావన చర్చలోకి వచ్చింది. మనిషి ముందు చూసి తర్వాత నిర్వచించుకోడు, ముందే నిర్వచించుకుని ఆ తర్వాత చూస్తాడన్నది ఆయన వాదన సారాంశం. ఈ ఊహకు ఇష్టానిష్టాలు తోడైతే అది పూర్వగ్రహం అవుతుంది, ఆ పూర్వగ్రహం ఇల్లు అద్దెకివ్వడంలోనో ఉద్యోగమివ్వడంలోనో చేతల్లోకి దిగితే వివక్ష అవుతుంది. మూడింటికీ సంబంధం ఉన్నా మూడూ ఒకటి కావు. ఊహ ఉండి వివక్ష చూపని వారుంటారు, ఏ ద్వేషమూ లేకుండా కేవలం ఆఫీసు నియమాన్ని పాటిస్తూ వివక్షను కొనసాగించేవారూ ఉంటారు. పాఠ్యపుస్తకాలు ఈ మూడు నిర్వచనాలనూ వరుసగా ఇచ్చి ఊరుకుంటాయి గానీ వాటి మధ్య ఎడమే ఈ అధ్యాయంలో అసలు చదవవలసిన భాగం.

ఊహకు అనుభవంతో పనిలేదని మొదట లెక్కకట్టి చూపిన పరిశోధన కూడా కళాశాల విద్యార్థుల మీద జరిగిందే. 1933లో డేనియల్ కాట్జ్, కెనెత్ బ్రేలీ అనే పరిశోధకులు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 100 మంది విద్యార్థులకు విశేషణాల జాబితా ఒకటి ఇచ్చి, పది జాతులకు, దేశాలకు తగినవి ఎంచమన్నారు. నల్లజాతివారు మూఢనమ్మకాలు గలవారని 84 శాతం మంది, జర్మన్లు శాస్త్రీయ దృష్టి గలవారని 78 శాతం మంది గుర్తు పెట్టారు. టర్కులతో ముఖపరిచయం లేకపోయినా వారిని క్రూరులని గుర్తు పెట్టిన విద్యార్థులు చాలామంది ఉన్నారు. అదే విశ్వవిద్యాలయంలో 1951లో ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు చాలామంది విద్యార్థులు అసలు ఇలాంటి ప్రశ్న వేయడమేమిటని అభ్యంతరం చెప్పారు. ఈ పద్దెనిమిదేళ్లలో అభిప్రాయాలు మారాయా, లేక వాటిని పైకి చెప్పకూడదన్న మర్యాద మాత్రమే పెరిగిందా అన్న సందేహం నేటికీ పూర్తిగా తీరలేదు. విద్యార్థులకు వివేకం నేర్పుతున్నామని చెప్పుకునే ప్రతి కార్యక్రమమూ ఎదుర్కోవలసిన సందేహమది.

తెలుగు నేల మీద ఈ పాఠం చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలతో పనిలేదు. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం పేరు వినగానే సగటు తెలుగువాడి మనసులో మెదిలే మాట ఏదో చెప్పనక్కరలేదు. ఆ మాట వెనుక ఉన్న చరిత్ర మాత్రం చాలామందికి తెలియదు. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని సంచార సమూహాల్లో పుట్టుకతోనే నేరప్రవృత్తి ఉంటుందన్న ఊహకు ఆ చట్టం అధికార ముద్ర వేసింది. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో, మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరిట, ఎరుకల కుటుంబాల కోసం ఈ సెటిల్‌మెంట్ ఏర్పడింది. పోలీసు రిజిస్టరులో పేరు నమోదు, నిర్ణీత సమయాల్లో హాజరు, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదన్న ఆంక్ష అక్కడి నివాసుల దైనందిన జీవితమయ్యాయి. చేసిన నేరాన్ని బట్టి కాక పుట్టిన ఇంటిని బట్టి మనిషి నేరస్థుడయ్యాడు.

చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో మద్రాసు రాష్ట్రపు కొరవ, ఎరుకల సమూహాల గతాన్ని పరిశీలించి, వారు ఒకప్పుడు తీరప్రాంతపు ఉప్పును, లోపలి ప్రాంతాల ధాన్యాన్ని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన సంచార వర్తకులని వివరించారు. ఉప్పుపై ప్రభుత్వ విధానం మారింది, రైలు మార్గాలు వచ్చాయి, అడవులపై ఆంక్షలు పెరిగాయి. శతాబ్దాల నాటి వృత్తి కొన్ని దశాబ్దాల్లో కూలిపోయింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని చూసి, తిరగడమే వారి స్వభావమని, ఆ తిరుగుడు నేరానికేనని పాలకులు తీర్మానించారు. చీరాలలోని పొగాకు కర్మాగారానికి ఈ సెటిల్‌మెంటు నుంచి శ్రామికులు అందిన తీరును కూడా ఆమె చూపించారు. సంస్కరణ పేరిట ఏర్పడిన సెటిల్‌మెంటు పరిశ్రమకు కట్టుబడ్డ కూలీలను సమకూర్చే ఏర్పాటుగా మారడం ఈ కథలో చిన్న విషయం కాదు. ఉప్పు విధానానికీ, రైలుకూ, చట్టానికీ, పొగాకు కంపెనీకీ చెందవలసిన పద్దులన్నీ ఒక తెగ రక్తానికి రాసిన లెక్క ఇది.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశవ్యాప్తంగా రద్దయింది, పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లోనే స్టువర్టుపురం పేరును శీర్షికలో పెట్టుకున్న తెలుగు చిత్రాలు వచ్చాయి, 2023లో అక్కడి వ్యక్తి కథ ఆధారంగా భారీ వ్యయంతో మరో చిత్రం వచ్చింది. ఆ ఊరి నుంచి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవారి కథకు తెర మీద గిరాకీ లేదు. ఇది సినిమాలతో ఆగే విషయం కూడా కాదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పునిస్తూ, పలు రాష్ట్రాల జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి ఖైదీలకు వంటపని, పాకీపని కేటాయించే నిబంధనలను, ఒకప్పుడు నేరస్థ తెగలుగా ముద్రపడి ఆ చట్టం రద్దుతో బయటపడ్డ విముక్త జాతులవారిని అలవాటైన నేరస్థులుగా భావించే నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించమంది. చట్టం పోయిన 72 ఏళ్లకు కూడా దాని ఊహ ప్రభుత్వ పుస్తకాల్లోనే బతికి ఉందన్నమాట. మూస అభిప్రాయం మనుషుల బుర్రల్లో మాత్రమే ఉండదనీ, రిజిస్టర్లలో, ఫారాల్లో, గెజిట్లలో దానికి స్థిరనివాసం ఉంటుందనీ విద్యార్థికి తెలియజెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇక్కడ సమాజ శాస్త్రం తన చేతులు తాను చూసుకోవలసి ఉంది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల గురించి ఏడు సంపుటాలు వెలువరించారు. తలల, ముక్కుల కొలతలు తీసి, ఒక్కొక్క కులానికీ ఒక్కొక్క గుణాన్ని నమోదు చేసే ఆనాటి పద్ధతికి అవి సాక్ష్యాలు. 1901 జనాభా లెక్కలకు కమిషనరైన హెర్బర్ట్ రిస్లీ కూడా ముక్కు కొలతల్లో కులాల అంతస్తును వెదికిన అధికారే. ఆ రిస్లీ జాతుల వర్గీకరణను పోటీ పరీక్షల అభ్యర్థులు ఈనాటికీ వల్లె వేస్తుండటం ఆశ్చర్యకరమే. దానిని తప్పుల చరిత్రగా చదవడంలో తప్పులేదు, బిట్ ప్రశ్నకు జవాబుగా చదవడమే విచారకరం. ఈ ధోరణికి విరుగుడు కూడా ఇదే శాస్త్రంలో పుట్టింది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్ కులానికి మూలం రక్తంలో లేదని, అంతర్వివాహ నియమంలో ఉందని వాదించి చర్చను స్వభావం నుంచి నియమానికి మళ్లించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో గ్రంథంగా ప్రచురించారు. పుస్తకంలో ఉన్న భారతదేశానికీ, ఊళ్లోకి వెళ్లి చూసిన భారతదేశానికీ తేడా ఉందని ఎం.ఎన్. శ్రీనివాస్ పదేపదే చెప్పారు. ఈ ముగ్గురి దారీ ఒకటే: గుణాన్ని అడగవద్దు, ఏర్పాటును అడగాలి.

ఇక ప్రతివాదాల సంగతి. మూస అభిప్రాయాలన్నీ అబద్ధాలేనన్న ప్రచారాన్ని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలే అంగీకరించరు. సమూహాల గురించి సామాన్యుల అంచనాలు చాలా సందర్భాల్లో గణాంకాలకు దగ్గరగానే ఉంటాయని లీ జస్సిమ్ 2012లో వెలువడిన గ్రంథంలో వాదించారు. వివరాలు తెలియని చోట మనిషి సగటును ఆశ్రయిస్తాడని, అది అజ్ఞానమే తప్ప ద్వేషం కాకపోవచ్చని 1970లలోనే ఎడ్మండ్ ఫెల్ప్స్, కెనెత్ ఆరో వంటి ఆర్థికవేత్తలు సిద్ధాంతీకరించారు. ఈ వాదాన్ని తరగతి గది నుంచి బయటకు గెంటడం తప్పు, ఎందుకంటే విద్యార్థి మనసులో ఉన్నది కూడా ఇదే వాదం. మా ఊళ్లో చూశాం కాబట్టే అంటున్నాం అనే విద్యార్థికి, అలా అనకూడదన్న మందలింపు జవాబు కాదు. దీనికి మెరుగైన జవాబును 2016లో పెడ్రో బొర్డాలో తదితర ఆర్థికవేత్తలు ఇచ్చారు. మూస ఊహలో తరచు చిన్న నిజం ఉంటుంది. రెండు సమూహాల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాను మనసు పట్టుకుని, దాన్నే ఆ సమూహం మొత్తానికి గుర్తుగా పెంచి చూపుతుంది. అమెరికాలో ఫ్లోరిడా అనగానే వృద్ధులు గుర్తుకొస్తారు. అక్కడ వృద్ధుల నిష్పత్తి దేశ సగటు కన్నా కొంత ఎక్కువన్నది నిజమే గానీ, అక్కడి జనంలో అత్యధికులు వృద్ధులు కారు. నిజం ఎంత, పెంచి చూపింది ఎంత అని విడదీయడం అంకెలతో చేసే పని, సదుద్దేశంతో తేలేది కాదు.

అంకె సరైనదే అయినా కారణం తప్పు కావచ్చు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమున్న ఉదాహరణే చూడవచ్చు. ఆసియా వలసదారులు, వారిలోనూ భారతీయులు, చదువులో ముందుండే ఆదర్శ మైనారిటీ అన్న మాట అక్కడ చాలాకాలంగా ఉంది. ఆ భావనకు ప్రచారం 1966లో జపనీస్ అమెరికన్ల గురించి విలియం పీటర్సన్ రాసిన పత్రికా వ్యాసంతో మొదలైంది. భారతీయ అమెరికన్ల సగటు చదువు, ఆదాయం ఎక్కువన్నది అబద్ధం కాదు. అయితే 1965 నాటి వలస చట్టం, ఆ తర్వాతి ఉద్యోగ వీసాలు, ముందుగానే డిగ్రీలున్నవారిని ఏరి తీసుకున్నాయి. జల్లెడ పట్టి తీసుకున్న గింజలను చూపించి, పొలమంతా ఇంతేనని చెప్పడం లాంటిదే ఈ పొగడ్త. ఇది పొగడ్త కావడం వల్ల దాన్ని ప్రశ్నించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నల్లజాతివారు తమలా ఎందుకు ఎదగలేకపోయారని అడగడానికి అదే పొగడ్త ఆయుధమవుతుంది కూడా. పైగా ఆ మెరిట్ గురించి గర్వించే సమాజంలోనే కుల వివక్ష ఫిర్యాదులు వచ్చి, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అదే తరహా బిల్లును గవర్నర్ తిరస్కరించారు. తమను తక్కువ చేసే మూసను ప్రశ్నించడం ఎవరికైనా సులభమే. తమను ఎక్కువ చేసే మూసను ప్రశ్నించగలిగిన విద్యార్థికే ఈ శాస్త్రం పట్టుబడినట్టు.

మరో వైపు నుంచి ఇంతకన్నా పదునైన విమర్శ ఉంది. మూస అభిప్రాయం అన్న భావనే సమస్యను చిన్నది చేస్తుందనీ, భూమి, కూలి, అధికారం చుట్టూ ఉన్న అన్యాయాన్ని ఆలోచనలో దొర్లిన పొరపాటుగా చూపుతుందనీ దళిత, స్త్రీవాద మేధావులు అంటారు. ఈ విమర్శకు బలం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో పత్రికా ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ఉద్యోగ దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులకు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతుకు పడిపోయింది. దరఖాస్తును పక్కన పెట్టిన చేతికి ఉద్యోగమిచ్చే అధికారం ఉండటమే ఇక్కడ అసలు విషయం. అభిప్రాయాన్ని మార్చిన ఏర్పాట్ల గురించి కూడా దేశంలోనే సాక్ష్యం ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లాలో పంచాయతీ సారథ్యం మహిళలకు రిజర్వయిన గ్రామాలను ఎస్తేర్ డఫ్లో తదితరులు పరిశీలించారు. మహిళా నాయకత్వాన్ని చూసిన గ్రామాల్లో స్త్రీలు పాలించలేరన్న పురుషుల ఊహ బలహీనపడింది. తమకు పురుష నాయకుడే ఇష్టమన్న మాట మాత్రం అంత తొందరగా మారలేదు. 2012లో వెలువడిన కొనసాగింపు అధ్యయనం ప్రకారం, ఆడపిల్లల భవిష్యత్తుపై తల్లిదండ్రుల ఆశల్లో మగపిల్లలతో ఉన్న అంతరం గమనించదగినంత తగ్గింది. ఉపన్యాసంతో మొదలుపెట్టి ఇంత ఫలితం సాధించడం కష్టం. చదువు ఒక్కటే సమాజాన్ని మారుస్తుందని చెప్పే అధ్యాపకులు ఈ లెక్క దగ్గర కొంచెం వినయంగా ఉండాలి.

అలాగని తరగతి గది నిష్ప్రయోజనమని కాదు. హరియాణాలోని 314 ప్రభుత్వ పాఠశాలల్లో దాదాపు 14,000 మంది విద్యార్థులతో జరిగిన ప్రయోగాన్ని దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ 2022లో ప్రచురించారు. ఏడో తరగతి నుంచి రెండున్నరేళ్ల పాటు, పాఠశాల వేళల్లోనే, స్త్రీపురుష భేదాల గురించి చర్చా తరగతులు జరిగిన బడులను, జరగని బడులతో పోల్చారు. వెనుకబాటు అభిప్రాయాల్లో సుమారు 16 శాతం మారాయి, ఆ మార్పు కార్యక్రమం ముగిసిన రెండేళ్లకు కూడా నిలిచింది. అబ్బాయిలు ఇంటిపనిలో ఎక్కువ పాలు పంచుకుంటున్నామని చెప్పారు. అమ్మాయిల చదువు ఆశయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ ఫలితంలో ఆశ, హద్దు రెండూ ఉన్నాయి. మాటకూ చేతకూ దూరముంటుందని 1934లోనే అమెరికా సమాజ శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ చూపించారు. ఒక చైనా దంపతులతో కలిసి ఆయన 250కి పైగా హోటళ్లు, భోజనశాలలకు వెళ్తే ఒక్కచోట మాత్రమే కాదన్నారు. తర్వాత ఉత్తరం రాసి అడిగినప్పుడు, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా చైనీయులను రానివ్వబోమన్నారు. అక్కడ మాట కటువు, చేత మెత్తన. పరీక్ష రాసే విద్యార్థిలో ఇది తిరగబడవచ్చు, అంటే జవాబు పత్రంలో సమానత్వం, ఇంట్లో పాత పద్ధతి. ఫలానా ఆలోచనను మనసులోకి రానివ్వకండి అని ఆదేశిస్తే అది తర్వాత మరింత బలంగా తిరిగొస్తుందని 1994లో నీల్ మాక్రే బృందం జరిపిన ప్రయోగాలు సూచించాయి. అణచమని చెప్పే బోధన కన్నా, బయటపెట్టి పరీక్షించమనే బోధనే మేలనడానికి ఇది మరో కారణం.

అయితే బయటపెట్టడంలోనూ ప్రమాదం ఉంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చి చూశారు. ఎవరి కులం ఎవరికీ చెప్పనప్పుడు దళిత బాలురు ఇతరులతో దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం ప్రకటించినప్పుడు వారి ఫలితం పడిపోయింది. ఈ తరహా పరిశోధనల్లో అన్నీ నిలబడలేదు. నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా విద్యార్థులతో 2018లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో గణితంలో అమ్మాయిల విషయమై అలాంటి ప్రభావం కనబడలేదు. అయినా తెలుగు కళాశాల తరగతి గదికి ఉత్తరప్రదేశ్ ప్రయోగం చేసే హెచ్చరిక గట్టిది. కులం పాఠం వచ్చిన రోజు అధ్యాపకుడి చూపు వెనుక బెంచీలోని ఒకరిద్దరి వైపు తిరగడం, నీ అనుభవం చెప్పమని అడగడం, వారిని నమూనాలుగా నిలబెట్టడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంటాయి. ఆ పాఠంలో పరీక్షకు నిలబడవలసింది అంకె, నియమం, సినిమా, రిజిస్టరు. పక్క విద్యార్థి కాదు.

ఇతర దేశాల్లో ఈ వివాదం నేరుగా రాజకీయమైంది. ఫ్లోరిడా రాష్ట్రం 2024 జనవరిలో తన 28 ప్రభుత్వ కళాశాలలు, 12 విశ్వవిద్యాలయాల్లో సాధారణ విద్య కింద ఎంచుకునే ప్రధాన కోర్సుల జాబితా నుంచి సమాజ శాస్త్ర ప్రవేశికను తొలగించింది. ఆ శాస్త్రం వామపక్ష కార్యకర్తల చేతుల్లోకి వెళ్లిందన్నది అక్కడి విద్యా శాఖ ఆరోపణ. బ్రెజిల్‌లో 2008 చట్టం ఉన్నత పాఠశాల మూడేళ్లలోనూ సమాజ శాస్త్రాన్ని తప్పనిసరి చేస్తే, 2017 సంస్కరణ ఆ స్థానాన్ని తగ్గించింది, 2024లో మరో చట్టం కొంత తిరిగి ఇచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఊగే లోలకంగా మారిన చదువు విద్యార్థికి మిగిల్చేది తక్కువ. జర్మనీ అనుభవం భిన్నమైనది. 1976లో బోయిటెల్స్‌బాఖ్ పట్టణంలో సమావేశమైన పౌర విద్యా నిపుణుల చర్చల నుంచి రూపొందిన మూడు సూత్రాలను అక్కడి అధ్యాపకులు నేటికీ ప్రమాణంగా భావిస్తారు. విద్యార్థిని అభిప్రాయంతో ముంచెత్తి సొంత నిర్ణయానికి రాకుండా చేయకూడదు, పండితుల్లోనూ రాజకీయాల్లోనూ వివాదంగా ఉన్నదాన్ని తరగతిలోనూ వివాదంగానే చెప్పాలి, తన స్థానాన్నీ ప్రయోజనాలనూ విశ్లేషించుకునే సామర్థ్యం విద్యార్థికి రావాలి. నాజీ పాలనలో బడి ప్రచార యంత్రంగా మారిన చేదు గతం ఉన్న దేశం చేసుకున్న కట్టుబాటు ఇది. రిజర్వేషన్ల మీద చర్చకు ఈ సూత్రాలు సరిపోతాయి. ఒక తెగ పుట్టుకతో నేరస్థులా అన్నది మాత్రం రెండు పక్షాల వివాదం కాదు. ఏది వివాదం, ఏది తేలిపోయిన విషయం అన్న విభజనను అధ్యాపకుడి విచక్షణకే వదిలేయక తప్పదు, ఆ విచక్షణకు రక్షణ కల్పించవలసింది విశ్వవిద్యాలయం.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి బోధనకు ముడిసరుకు కొరత లేదు. 1999 నుంచి కొన్నేళ్ల పాటు వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాల్లో రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లే. నీళ్లు లేని నేల గురించి, వలసల గురించి వాటిలో వెదికినా దొరికేది తక్కువ. తెలంగాణ యాసను చాలాకాలం హాస్యగాడికో, రౌడీకో కేటాయించిన తీరు రాష్ట్ర ఉద్యమ కాలంలో పెద్ద చర్చ అయింది. 2017 నాటి ఫిదా, 2023 నాటి బలగం వంటి చిత్రాలలో ఆ యాస కథానాయిక నోటికి, ఇంటిల్లిపాది నోటికి చేరింది. ఒక దశాబ్దంలోని ఇరవై చిత్రాలు తీసుకుని, ఏ పాత్ర ఏ యాసలో మాట్లాడింది, ఆ పాత్ర వృత్తి ఏమిటి, చివరికి ఏమయింది అని పట్టిక వేయడం డిగ్రీ విద్యార్థికి కష్టమైన పని కాదు. మగవాడే సంపాదిస్తాడు, ఆడది ఇంట్లో ఉంటుంది అన్న ఊహను తన ఇంటి గంటల లెక్కతో సరిచూడవచ్చు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అదేవిధంగా, ఏదో ఒక కారణంతో భర్త భార్యను కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశవ్యాప్తంగా 45 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దాదాపు 84 శాతం ఉన్నారు. అక్షరాస్యత, ఆదాయం, సినిమా, సాఫ్ట్‌వేర్ అని చెప్పుకునే రెండు రాష్ట్రాలు ఈ పట్టికలో ఎందుకు అగ్రస్థానాల్లో ఉన్నాయో వివరించే బాధ్యత సమాజ శాస్త్ర విభాగాలది. సర్వే అడిగిన తీరు వల్లనా, ఒప్పుకునే ధైర్యం వల్లనా, నిజంగానే ఆమోదం వల్లనా అన్న మూడు వివరణలనూ విద్యార్థులు వాదించి చూడవలసిన ప్రశ్న ఇది.

ఇందుకు కావలసిన ఏర్పాట్లలో కొన్ని ఇప్పటికే ఉన్నాయి. హైదరాబాద్‌లోని జేఎన్‌టీయూ పరిధిలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం అన్వేషి పరిశోధన కేంద్రానికి చెందిన రచయిత్రులతో కూడిన బృందం స్త్రీపురుష సమానత్వంపై రూపొందించిన ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని తెలుగు అకాడమీ 2015లో ప్రచురించింది. ఇంటిపని, కులం, హింస, అందం మీద ఊహలు వంటి విషయాలను తెలుగులోనూ ఆంగ్లంలోనూ చర్చకు పెట్టిన ఆ పుస్తకం లాంటిది సమాజ శాస్త్రమే ప్రధానాంశంగా చదివే బి.ఎ. విద్యార్థులకు లేకపోవడం విచిత్రం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి, అందులో ఒక గ్రామంలోనో వార్డులోనో సామాజిక ఆర్థిక సర్వే భాగం. దాన్ని ఫొటోలు, సంతకాలు, బైండింగు చేసిన నివేదికతో ముగించకుండా, బయలుదేరే ముందు విద్యార్థి తన ఊహలను రాసిపెట్టి, తిరిగొచ్చాక వాటిని తాను తెచ్చిన అంకెలతో పక్కపక్కనే ఉంచి వివరించే పద్ధతి పెడితే అదనపు ఖర్చు కూడా ఉండదు. 2024-25లో తెలంగాణ జరిపిన కుల సర్వే వంటి సమాచారాన్ని వ్యక్తుల వివరాలు తొలగించి కళాశాలలకు అందిస్తే, ఫలానా కులం వారంతా ధనికులు, ఫలానా వారికి అన్నీ ఉచితమే అన్న రచ్చబండ వాదాలు మొదటిసారి పట్టిక ముందు కూర్చుంటాయి.

అన్నిటికన్నా మొండి అడ్డంకి ప్రశ్నపత్రం. తెలుగు రాష్ట్రాల్లో సమాజ శాస్త్రాన్ని ఎక్కువమంది చదివేది డిగ్రీ కోసం కాదు, గ్రూప్స్ కోసం. తెలంగాణ గ్రూప్ పరీక్షల సిలబస్‌లో వెట్టి, జోగిని, ఫ్లోరోసిస్, వలసలు అన్నీ ఉన్నాయి. మంచి అంశాలే, కానీ నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నల్లో వాటికి మిగిలేది సంవత్సరం, చట్టం పేరు, జిల్లా పేరు. డిగ్రీ పరీక్ష కూడా పూర్వగ్రహం నిర్వచించి లక్షణాలు రాయమంటుంది. విద్యార్థి ఆరు లక్షణాలు రాసి మార్కులు తెచ్చుకుని, అద్దెకు గది వెదికేటప్పుడు యజమాని కులం అడిగితే అందులో వింతేమీ లేదనుకుంటాడు. దానికి బదులు ఒక సర్వే పట్టిక, ఒక పత్రికా ప్రకటన, ఒక పాత రిజిస్టరు నియమం ప్రశ్నపత్రంలోనే ముద్రించి, ఇందులో ఏ ఊహ ఉంది, ఈ అంకె దానిని ఎంత మేరకు సమర్థిస్తుంది, మరే కారణం ఉండవచ్చు అని అడగవచ్చు. అలాంటి జవాబులకు నమూనా కీ ఉండదు. మూల్యాంకన శిబిరంలో పత్రానికి ఇంత చొప్పున పారితోషికం తీసుకుంటూ రోజుకు పదుల కొద్దీ పత్రాలు దిద్దే అధ్యాపకులు, అందులోనూ ఏటా కొనసాగింపు కోసం ఎదురుచూసే అతిథి అధ్యాపకులు, కీ లేని జవాబును చదివి తూచే తీరిక ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది ఉన్నత విద్యా మండళ్లు ముందుగా తేల్చవలసిన విషయం. అది తేలనంత కాలం సిలబస్‌లో ఎన్ని కొత్త యూనిట్లు చేర్చినా అవి గైడు పుస్తకాల్లో మరో ఆరు పాయింట్లుగా మారడానికి ఒక్క సెమిస్టరు చాలు.